పదిహేడో నంబరు డేరా

పత్తికొండ క్యాంపు,
2 సెప్టెంబరు 1912

ప్రియమైన జ్ఞానమణికి,

మన ఊళ్లో ప్లేగు వచ్చి ఎలుకలు చచ్చి పడుతున్నాయని, అందరూ ఇళ్లు విడిచి చేలల్లోకి చేరారని తెలిసింది. బండి శివన్న వెంట ఒక డేరా పంపుతున్నాను. సర్వే వాళ్లది, పదిహేడో నంబరు. దొరకు చెప్పలేదు. ఇరవై ఎనిమిదో తేదీ శనివారం డేరాలు లెక్కపెడతారు. ఆలోగా అది తిరిగి రాకపోతే డేరాలు వేసే నా కళాసీ పని పోతుంది.

ఒక్క సంగతి మరవకు. చినుకు పడగానే తాళ్లు వదులు చెయ్యి. తడిస్తే అవి బిగుసుకుని మేకుల్ని పీకేస్తాయి. మనవాళ్లు వాన ఎరిగినవాళ్లు కాదు, గాలికి భయపడి ఇంకా బిగిస్తారు. మన పిల్ల కృపమణిని లోపలి నుంచి గుడ్డ తాకనివ్వకు, తాకిన చోటల్లా కారుతుంది.

నీ ఏసేపు

ఊరి బయట, జొన్నచేను,
9 సెప్టెంబరు

ప్రభువునందు ప్రియమైన కృపమణి నాన్నకు,

డేరా చేరింది. నేనూ శివన్నా కలిసి వేశాం. పిల్ల అందులోంచి బయటకు రానంటోంది. రెండు రాత్రులు హాయిగా నిద్రపోయాను.

మూడోనాడు రెడ్డిగారి వెంకటలక్ష్మమ్మ వచ్చి ఎడంగా నిలబడింది. "జ్ఞానమణీ, మా కోడలికి దినాలు దగ్గరపడుండాయి. కొట్టం కారతాండాది. నీ గుడ్డ ఇల్లు పురుడు తీరేదాకా ఇస్తావా?" అంది. ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు. ఇచ్చాను. గోమూత్రం చల్లి తీసుకెళ్లారు. తాళ్ల సంగతి జీతగాళ్లకు రెండుసార్లు చెప్పాను. మేం చొప్ప పాకలో ఉన్నాం. మీరు కోప్పడతారని తెలుసు.

మీ జ్ఞానమణి

పత్తికొండ క్యాంపు,
13 సెప్టెంబరు

ప్రియమైన జ్ఞానమణికి,

కోపం వచ్చింది. రాయడానికి కూర్చునేసరికి కొంత తగ్గింది. పురుడు తీరిన రోజే వెళ్లి తెచ్చుకో, మొహమాటపడకు. పదేళ్లుగా డేరాల్లో పడుకుంటున్నాను, ఒక్కటీ నాది కాదు. ఈ పని పోతే మనకు గుంట భూమి కూడా లేదు.

పిల్ల తడవకుండా చూసుకో.

నీ ఏసేపు

జొన్నచేను,
23 సెప్టెంబరు

ప్రభువునందు ప్రియమైన కృపమణి నాన్నకు,

ఆ కోడలికి నొప్పులు మొదలైన సాయంత్రమే వాన దిగింది. నేను ఎంత చెప్పినా జీతగాళ్లు తాళ్లు బిగించేశారు. రెండు మేకులు లేచిపోయాయి. పరుగెత్తి తాళ్లన్నీ వదులు చేసి, మేకులు మళ్లీ దిగేదాకా ఒక తాడు పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ నన్ను దూరం పొమ్మనలేదు. ఆడపిల్ల పుట్టింది.

పురుడు తీరిన రోజు వెళ్తే అక్కడ డేరా లేదు. పురిటి గుడ్డలన్నీ చాకలి ఓబులమ్మకు ఇవ్వడం వాళ్ల ఆనవాయితీ. డేరా కూడా గుడ్డే కదా, ఇచ్చేశారు. "పురిటిది నీకెట్ల తిరిగిస్తామమ్మా, పాపం కాదా? బదులు కొత్త చీర పెడతా" అంది వెంకటలక్ష్మమ్మ. ఆమె నా మంచికే అంది.

ఓబులమ్మ దగ్గరకు వెళ్లాను. డేరాలో ఏడుగురున్నారు. ముసలాయన చలిజ్వరంతో పడుకుని ఉన్నాడు. "నీదే గదమ్మా, పీక్కో. మేం యాడో ఒకచోట తలదాచుకుంటాం" అంది. మేకు మీద చెయ్యి వేశాను. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. తాళ్లు వదులు చేసి వచ్చేశాను.

మీ పని పోయేలా చేసింది నేనే. శానా బాధగా ఉంది. కానీ మళ్లీ వెళ్లి అడగలేను.

మీ జ్ఞానమణి

పత్తికొండ,
30 సెప్టెంబరు

ప్రియమైన జ్ఞానమణికి,

లెక్కలో బయటపడే కన్నా ముందే చెప్పడం మేలని శుక్రవారం దొర ముందు నిలబడి అంతా చెప్పాను. పనిలోంచి తీసేశాడు. శనివారం లెక్క జరిగింది. పదిహేడో నంబరు పాతదైపోయిందని రెండేళ్ల కిందటే పుస్తకంలో కొట్టేశారట. గుమాస్తా బొజ్జన్న నవ్వి, "నోరు మూసుకోనుంటే సరిపోయేది గదప్పా" అన్నాడు. దొర మాత్రం తీసిన పని తీసినట్టే అన్నాడు.

నీ మీద కోపం లేదు. నేనైతే ఆ మేకులు పీకేవాణ్ని. నువ్వు వెళ్లడమే మంచిదైంది.

గురువారం శివన్న బండిలో వస్తాను. నీకు పంపినవి కొయ్య మేకులు, ఇనుపవి ఇక్కడే ఉండిపోయాయి. పుస్తకంలో లేని డేరాకు మేకులు మాత్రం ఎందుకని బొజ్జన్న అవి నాకిచ్చేశాడు. తడినేలలో కొయ్యవి నిలవవు. రాగానే ముందు ఓబులమ్మ దగ్గరకు పోయి ఇనుపవి దిగ్గొడతాను. ఆ తర్వాత వస్తాను, చొప్ప పాకలో నాక్కూడా కాస్త చోటు చూసి పెట్టు.

నీ ఏసేపు