గుర్రం మాంసానికి గుడ్డ సంచీ

అక్-కయిన్ ఊరు

చిరంజీవి జెక్షెన్‌ను మేనత్త ఉమ్సునై దీవించి రాసేది,

ఫోన్లో మాట్లాడదామంటే నాకు వినబడక అరుస్తాను, ఊరంతా వింటుంది. ఇది ఊరు వినాల్సిన సంగతి కాదు. అందుకే వ్యాను డ్రైవరు చేత ఉత్తరం పంపుతున్నాను.

వచ్చే శుక్రవారం, మీ మామయ్య పోయిన ఏడాదికి పెట్టే విందు. గుర్రాన్ని కోస్తున్నాం. రెండొందల మంది వస్తారు. కొట్టు గోడ మీద కాగితం అంటించారు: ప్లాస్టిక్ సంచీలు నిషేధం, వాడితే జరిమానా. కింద అధికారిగా సంతకం నీది! "మా మేనల్లుడే" అని అందరికీ చెప్పుకున్నాను. ఇంటికొచ్చాక అసలు చిక్కు తట్టింది. మరి విందు వాటా, కెషిక్, ఎలా పంపను? వచ్చినవాళ్ళకి ఇంటిల్లిపాదికీ సరిపడా ఇంత మాంసం, నూనెలో వేయించిన పిండి ముక్కలు, బొర్సోకులు, నాలుగు మూటగట్టి ఇవ్వకపోతే పోయినాయన ఊరుకుంటాడా? పోనీ ఆయన ఊరుకున్నా ఊరు ఊరుకుంటుందా?

ఇట్లు, నీ అత్త

తా.క. ఏడాదిగా కడిగి దాచిన సంచీలు రెండొందల నలభై ఉన్నాయి. తాడు మీద ఆరేస్తే గొర్రెలు బెదిరి కొండెక్కాయి.

*

అత్తయ్యకు సలాములు.

చట్టం అందరికీ ఒకటే. ఆ సంచీలు గాలికెగిరి సరస్సులో పడుతున్నాయి, చేపలు మింగుతున్నాయి. నా సంతకం నా ఇంట్లోనే చెల్లకపోతే మొహం ఎక్కడ పెట్టుకోను? అతిథుల్ని గిన్నెలు తెచ్చుకోమనండి. మా కార్యాలయం తరఫున రెండొందల గుడ్డ సంచీలు పంపుతున్నాను.

మీ జెక్షెన్

తా.క. విందు తర్వాతి సోమవారం, ఈ నిషేధం పెట్టినందుకు ఇక్కడ నాకు సన్మానం. పరువు మీ చేతుల్లో ఉంది.

*

నాన్నా జెక్షెన్,

తల ఎత్తుకోలేకపోతున్నాన్రా. నువ్వన్నట్టే గిన్నెలు తెచ్చుకోమని కబురు పెట్టాను. దాదాపు అందరూ "మేమేం తిండికి మొహం వాచి ఉన్నామా?" అని అలిగి వట్టి చేతులతో వచ్చారు. పక్కింటి మంబెత్‌కుల్ మాత్రం పాలు పితికే బకెట్టు తెచ్చాడు. గుర్రం తొడ ఒకటి అందులోనే పోయింది.

అసలు సిగ్గు వేరే ఉంది. వియ్యపురాలు సాలికాకి బట్టలు పెట్టకముందే నీ గుడ్డ సంచీలో కెషిక్ ఇచ్చాను. పెట్టే బట్ట అదేననుకుంది. తిప్పి చూస్తే పెద్దక్షరాలు: 'చెత్తను ఇంటి నుంచే తరిమేద్దాం!' "నన్నేనా?" అంది. అంతలో కొవ్వు కారి ఆమె కొత్త కోటు మీద పడింది. మూట అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. మీ మామయ్య పేరున వండిన తిండి గుమ్మంలో ఉండిపోయింది. కోడలు నాతో మాట్లాడటం లేదు.

సిగ్గుతో, అత్త

తా.క. అయినా నీ తెలివే తెలివి! ఒక్కో గుడ్డ సంచీని ఒక్కో కొత్త ప్లాస్టిక్ సంచీలో పెట్టి పంపావు. సాలికా కోటు పాడయ్యాక గాని నాకు తట్టలేదు. మిగతావాళ్ళందరికీ వాటిలోనే ఇచ్చాను. చుక్క కారలేదు. మీ కార్యాలయం ముద్ర కూడా భలే ఉంది.

*

అత్తయ్యా,

సలాములు తర్వాత. అవి దుమ్ము పట్టకుండా కుట్టినవాళ్ళు మా ముద్ర వేసి చుట్టినవి! నేను విప్పి చూడలేదు, బుద్ధి గడ్డి తింది. సోమవారం లోపల ఇల్లిల్లూ తిరిగి అన్నీ వెనక్కి తీసుకోండి.

జెక్షెన్

తా.క. ఈ ఉత్తరం చింపేయండి.

*

నాయనా,

తిరిగాను. ఇచ్చిన కెషిక్ వెనక్కి అడిగిన ఆడది ఈ సరస్సు చుట్టుపక్కల నేనొక్కదాన్నే. "సంచీ చాలు, మాంసం ఉంచుకోండి" అన్నా ఒక్కరూ వినలేదు. తినేసినవాళ్ళు ఎముకలు కడిగి తెచ్చిచ్చారు, నా మొహం చూడకుండా. మంబెత్‌కుల్ బకెట్టే ఇచ్చేశాడు. ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. ఇక ఎవరి గడప తొక్కను?

అత్త

తా.క. నూట ఎనభై దొరికాయి. మిగతావి గాలికి పోయాయట. సరస్సు వైపే.

*

అత్తయ్యకు, ఎదురుపడి మొహం చూపించలేక రాసేది,

సన్మానం అయింది. తర్వాత విందులో పెద్ద ముక్క నాకే వడ్డించారు. మీరు తలుపేసుకుని కూర్చున్నారని గుర్తొచ్చి తినకుండా పక్కన పెట్టాను. మీకు పట్టుకెళదామనిపించింది. గుడ్డ సంచీ ఉంది, కానీ కారుతుంది. అటూ ఇటూ చూసి, జేబులోంచి ప్లాస్టిక్ సంచీ తీసి, ముక్క అందులో వేసి కోటులో దాచాను. నిషేధం మీద సంతకం పెట్టిన చెయ్యే అత్తయ్యా!

అప్పుడే మా పై అధికారి వచ్చి గట్టిగా కౌగిలించుకున్నాడు. సంచీ పగిలింది. పులుసు ప్యాంటు మీదుగా బూటులోకి దిగింది. హాలంతా చూసింది. భూమి చీలితే బాగుండుననిపించింది.

జరిమానా నా పేరున నేనే రాసుకున్నాను. శుక్రవారం వస్తున్నాను. ముందు సాలికా గారి గుమ్మంలో, తర్వాత ప్రతి ఇంటా నిలబడి, తప్పు మా అత్తది కాదు, నాది అని చెబుతాను. మీరు నా వెనకాల నిలబడితే చాలు.

మీకు తలవంపులు తెచ్చిన మేనల్లుడు,
జెక్షెన్

తా.క. అందరూ వెళ్ళాక పై అధికారి నా పక్కకొచ్చి, గోడ వైపు చూస్తూ మెల్లగా అడిగాడు: "మా అమ్మ కెషిక్ కోసం ఎదురుచూస్తుంటుందయ్యా. నీ దగ్గర ఇంకో సంచీ ఉందా?"

ఉంది. ఇచ్చాను.