రెండుసార్లు కాలిన మోటారు

అత్తా,

బాగున్నావా అని అడగవచ్చో లేదో తెలియదు... అయినా అడుగుతున్నాను. నువ్వు వెళ్లిపోయి నిన్నటికి పది నెలలయింది.

నువ్వు ఉన్నన్నాళ్లూ నిన్ను ‘మీరు’ అనే పిలిచాను. "మీరు గీరు అంటావేందే, నేనేమన్నా తాసిల్దారునా?" అని నవ్వేదానివి. ఎంత ప్రయత్నించినా నాకు నోరు తిరగలేదు. కాగితం ముందు అంత సిగ్గు లేదు చూడు. నువ్వు అనే రాస్తున్నాను.

నేనూ నీ కొడుకూ బాగున్నాం. ఐరాలలో మన మోటార్ల వైండింగ్ షాపు తెరిచే ఉంది. అయితే మధ్యలో మూతపడేదాకా వచ్చింది. ఆ సంగతి చెప్పాలనే కూర్చున్నాను. ఇంకెవరికి చెప్పినా సగం అర్థం కాదు. నువ్వైతే నేను చెప్పేలోపే తల ఊపేస్తావు.

వెనక గదిలో పని ఇప్పుడంతా నాదే. కాలిన మోటారు విప్పడం, మాడిన తీగ పీకడం, కొత్త రాగి తీగ చుట్టి వార్నిష్ పట్టించడం... ముందు గదిలో నీ కొడుకు కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడతాడు. చుట్టేది కూడా ఆయనే అని సగం మంది అనుకుంటారు. నువ్వున్నప్పుడూ అంతే కదా. నీకది బాధగా ఉండేదా అత్తా? ఎప్పుడూ అడగలేకపోయాను. నాకు మాత్రం హాయిగానే ఉండేది. గోడ వెనక ఉంటే ఎవరికీ జవాబు చెప్పే పని లేదు.

నీ పుట్టిల్లు గుడియాత్తం పక్క కాబట్టి చుట్లు అరవంలో లెక్కపెట్టేదానివి. నాకూ అదే అలవాటైపోయింది. అరవంలో ఇంకొక్క మాట రాదు, అంకెలు మాత్రం గడగడా వస్తాయి. నీ కొడుకు నవ్వుతాడు.

ఎండలు మొదలయ్యే ముందు చెంగల్రాయన్న మోటారు వచ్చింది. చామంతి తోట వేసి కాణిపాకానికి పూలు పంపుతాడే, ఆ అన్న. ఇంటి దగ్గరి బావి ఎండిపోయిందని, చేను అవతలి చివరనున్న పాత బావిలో పూడిక తీయించి, మోటారు అక్కడికి మార్చాడు. ఒక హార్స్‌పవర్‌ది, చిన్నది. మార్చిన కొన్నాళ్లకే కాలింది. పాత మోటారు, కాలడంలో వింతేముంది అనుకున్నాం. నేను చుట్టాను, నీ కొడుకు తీసుకెళ్లి బిగించాడు.

పన్నెండు రోజులు తిరిగింది. మళ్లీ కాలింది.

ఆ రోజు చెంగల్రాయన్న షాపు ముందు నిలబడి అన్న మాటలు వెనక గదిలోకి స్పష్టంగా వినిపించాయి. "ఏమప్పా, మీయమ్మతోనే మీ షాపు పనితనం గూడా పొయినట్టుండాదే! ఆడ పూలన్నీ తలకాయలు వాల్చేసినాయి. ఈసారి గూడా కాలిందంటే చిత్తూరికి ఎత్తకపోతా. మల్ల ఈ చుట్టుపక్కల ఒక్కడన్నా నీ గడప తొక్కుతాడేమో సూస్కో!"

నీ కొడుకు మోటారు లోపలికి మోసుకొచ్చాడు. చుట్టింది నా భార్య అని మాత్రం ఆ అన్నతో అనలేదు. నన్ను కాపాడాడో, సిగ్గుపడ్డాడో... ఇప్పటికీ తెలియదు.

మోటారు విప్పాను. నువ్వు చెప్పిన మాట గుర్తుంది. "ఒక చోట కాల్తే తీగ నలిగినట్టు. అంతా ఒకే తీరు కాల్తే సుట్ల లెక్క తప్పినట్టు. ఏదైనా మన చేతి తప్పేనే." ఒక చోట కాదు అత్తా, అన్ని కాయిళ్లూ ఒకే రంగు. వేయించిన శెనక్కాయ విత్తనాల్లా ఉన్నాయి. అంటే లెక్క తప్పానా? మాడిన తీగ పీకుతూ ఒక్కొక్క చుట్టూ లెక్కపెట్టాను. సరిపోయింది. ఇంకో కాయిల్ లెక్కపెట్టాను. అదీ సరిపోయింది. లెక్క సరిగ్గా ఉంటే, తీగ నలగకపోతే, మరి ఎందుకు కాలింది? నా చేతిలోనే ఏదో లేదు అనిపించింది.

నీ కొడుకు మీటరు తీసుకుని తోటకు వెళ్లాడు. బావి దగ్గర తీగల కొసలు చూస్తే రెండువందల ఇరవై ఎనిమిది వోల్టులు ఉన్నాయట. "కరెంటు బాగానే ఉండాది. పంపు గూడా చేత్తో తిప్పితే నున్నగా తిరగతా ఉండాది" అన్నాడు వచ్చి. తరవాత మీటరు తీగలు చుట్టి పెడుతూ, "పోనీలే మే. మనకు అచ్చిరాలే. రేణిగుంట గోడౌన్‌లో పనుండాదంట, రమ్మంటా ఉండారు. షట్టరు దించేద్దాం" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. చాలా నిదానంగా అన్నాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం పక్కింటి సుధ అరుగు మీద కూర్చుని పదో తరగతి పుస్తకం బట్టీ పడుతోంది. "తీగ పొడవు పెరిగితే నిరోధం పెరుగును. మందం పెరిగితే నిరోధం తగ్గును." ఈ మాట నేను ఎక్కడో విన్నాను అనుకున్నాను. విన్నది నీ దగ్గరే! "సన్న తీగలో కరెంటు పోవడమంటే సన్న సందులో ఎనుము దూరినట్టే, ఒళ్లంతా గీరకపోతాది, ఏడెక్కతాది" అనేదానివి. దానికి పుస్తకంలో నిరోధం అని పేరు పెట్టారు. ఎనుము మాత్రం లేదు.

పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. ఏడో తరగతి దాకా చదివినదాన్ని, మొదట భయమేసింది. ఒక్కో వాక్యం రెండుసార్లు చదివాను. కరెంటును నిరోధంతో గుణిస్తే ఆ తీగలో ఎన్ని వోల్టులు ఖర్చవుతాయో వస్తుందట. చిన్న లెక్కే. ఇచ్చిన లెక్కలు చేసి చూశాను, వచ్చాయి. అప్పుడు ఊరికే ఒక ఆలోచన వచ్చింది... కరెంటు పారకపోతే? సున్నాను దేనితో గుణించినా సున్నాయే కదా. అంటే తీగ ఎంత పొడవున్నా, ఎంత సన్నదైనా, మోటారు ఆగి ఉన్నప్పుడు అటు కొసన వోల్టులు నిండుగానే కనిపిస్తాయి!

నీ కొడుకు చూసింది మోటారు లేనప్పుడు.

ఆయన తప్పు కాదు అత్తా. నీ మాట అది. మామ తడి చేత్తో, తిరుగుతున్న మోటారు తీగ ముట్టి పోయిన దగ్గర్నుంచి "తిరిగే మోటారు కాడ తీగ ముట్టినోడు నా కొడుకే కాడు" అని ఒట్టు పెట్టించావు. ఆ ఒట్టు వల్లే ఆయన ఈ రోజు ప్రాణాలతో ఉన్నాడేమో కూడా. కానీ మన షాపులో మీటరు ఎప్పుడూ ఆగిన మోటారునే చూసింది. తిరిగేటప్పుడు ఏం జరుగుతుందో మనింట్లో ఎవరూ చూడలేదు.

చెప్పాలా వద్దా అని పూటంతా తిరిగాను. చివరికి అన్నం వడ్డిస్తూ చెప్పాను. తిరిగే మోటారు దగ్గర చూడాలి, నేనూ వస్తాను అని. "అమ్మ మాట దాటమంటావా?" అన్నాడు. దాటక్కర్లేదు అన్నాను. అన్నీ ఆపి, ఫ్యూజు పీకి, మీటరుకు క్లిప్పులు పెట్టి వస్తాం. తరవాతే కరెంటు. చేయి దేనికీ తగలదు. ఆయన చాలాసేపు నన్నే చూశాడు. నేను అంత పొడుగు మాట ఎప్పుడు మాట్లాడానని!

మోటారు మళ్లీ చుట్టాను. ఈసారి బిగించడానికి ముగ్గురం వెళ్లాం, నేను, ఆయన, చెంగల్రాయన్న. "ఈయమ్మి దేనికప్పా?" అని ఆ అన్న అడిగితే ఆయన "చుట్టింది ఆమే" అన్నాడు. నేను తల వంచుకుని నడిచాను. కానీ విన్నాను.

స్టార్టరు పాత బావి దగ్గర పెట్టలేదు అత్తా. ఇంటి దగ్గర ఎక్కడుందో అక్కడే ఉంది. అక్కడినుంచి బావిదాకా నాలుగువందల అడుగులు తీగ లాగాడు. ఇంట్లో ఫ్యానుకు వేసేటంత సన్న తీగ, ముక్కలు ముక్కలుగా మెలిపెట్టి టేపు చుట్టింది. చూడగానే సుధ బట్టీ పట్టిన మాట గుర్తొచ్చింది.

ఆయన స్టార్టరు దగ్గర, వోల్టులూ ఆంపియర్లూ చూపే ముళ్లు దాని పెట్టెలోనే ఉన్నాయి. నేను మన మీటరుతో బావి దగ్గర. క్లిప్పులు పెట్టి, వెనక్కి వచ్చి పొడి పలక మీద నిలబడ్డాను. ఇక వేయమని చెప్పాలి. నాలుగువందల అడుగులు... అరిస్తే తప్ప వినపడదు. పెళ్లయ్యాక నేను ఎప్పుడైనా అరిచానా? అసలు ఆయన్ని ఏమని పిలవాలి? పేరు పెట్టి పిలవలేను. చేయి ఎత్తితే ఆయన అటు తిరిగి ఉన్నాడు. పక్కనే ఉన్న చెంగల్రాయన్న "నేను కేకేద్దునా?" అన్నాడు నవ్వుతూ. వద్దని తల ఊపి, కళ్లు మూసుకుని, "ఎయ్యండీ!" అన్నాను. కాకులు లేచాయి. నిజంగా.

మోటారు తిరిగింది. మీటరులో అంకె జారింది. రెండువందల ఇరవై ఎనిమిది కాస్తా... నూట డెబ్బై ఎనిమిది.

ఈసారి పిలుపు గురించి ఆలోచించలేదు. "నూట డెబ్బై ఎనిమిదీ!" అని అరిచాను. అటునుంచి "ఈడ రెండునూర్ల ఇరవై ఎనిమిదే ఉండాది! పది ఆంపియర్లు!" అని ఆయన కేక. చేను రెండు కొసల మధ్య అంకెలు విసురుకున్నాం అత్తా. నువ్వు చూసి ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేదానివి.

దారిలోనే యాభై వోల్టులు పోయాయి. మట్టిలో పుల్లతో లెక్క వేశాను. యాభైని పదితో గుణిస్తే ఐదువందల వాట్లు. మోటారు దాకా రాకుండా, ఒక చిన్న ఇస్త్రీపెట్టె తినేంత, ఆ తీగే తినేస్తోంది. అటు మోటారుకు వోల్టులు చాలక, అదే బరువు లాగడానికి ఎక్కువ కరెంటు పీలుస్తోంది. ఎక్కువ కరెంటు, ఎక్కువ వేడి. కాయిళ్లన్నీ ఒకే రంగున కాలింది అందుకే.

చెంగల్రాయన్న నమ్మలేదు. "తీగలో కరెంటు కారిపోతాదా యాడన్నా? ఇదేమన్నా ఓటి పైపామ్మా?" అన్నాడు. అన్నీ ఆపించి, ఫ్యూజు పీకించి, తీగ అతుకు మీద టేపు పట్టుకుని చూడమన్నాను. పట్టుకుని టక్కున వదిలేశాడు. "అబ్బా, కాలతా ఉండాదే ఇది!" తరవాత నీ కొడుకు వైపు తిరిగి, "ఏమప్పా, ఇంత తెలివి ఇంట్లో పెట్టుకోని నాతో తిట్లు దేనికి తింటివి?" అన్నాడు. మేం ముగ్గురం నవ్వాం. నేను కొంచెం ఏడ్చాను కూడా, ఎవరూ చూడలేదులే.

అతుకు లేని మందం తీగ కొత్తది వేశాక బావి దగ్గర వోల్టులు రెండువందల ఇరవై దాకా నిలబడ్డాయి. అప్పటినుంచి ఆ మోటారు మన షాపు ముఖం చూడలేదు. రేణిగుంట మాట నీ కొడుకు మళ్లీ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

అత్తా, ఇంకో సంగతి. అసలు దీని కోసమే ఇంత రాశాను.

నువ్వు జబ్బుపడే ముందు వేసవిలో వడమాలపేట మోటారు ఒకటి మూడుసార్లు తిరిగొచ్చింది కదా. మూడోసారి విప్పి, అంతా ఒకే రంగుగా కాలిందని చూసి, "నా లెక్క తప్పతా ఉండాదే, నా పని అయిపోయినట్టే" అన్నావు. ఆ తరవాత నువ్వు ఒక్క మోటారూ చుట్టలేదు. అందరం వయసైంది అనుకున్నాం. నువ్వే అన్నావు కాబట్టి నమ్మాం.

పోయిన వారం నేనూ నీ కొడుకూ ఆ చేనికి వెళ్లాం. వాళ్లు ఇప్పుడు దగ్గర్లోకి స్తంభం వేయించుకున్నారు. పాత తీగ మాత్రం రెండు చెట్ల మధ్య కట్టి బట్టలు ఆరేస్తున్నారు. సన్నది అత్తా. అతుకులు లెక్కపెట్టాను, ఆ ఉన్న ముక్కలోనే ఆరు. అప్పట్లో మోటారుకు ఎంత దూరం లాగారని అడిగితే, ఆ ఇంటి అవ్వ చేయి చాపి చూపించింది. చేయి చూపిన చోటు కళ్లకు ఆనలేదు.

నూటికి నూరు పాళ్లు అని చెప్పలేను. మీటరు పెట్టి చూసే వీలు ఇప్పుడు లేదు. కానీ నీ లెక్క తప్పలేదని నాకు అనిపిస్తోంది. ఎందుకు ఒక్కసారైనా ఎవరం ఆ చేనుదాకా వెళ్లలేదు? నువ్వు అరవంలో అన్ని చుట్లూ సరిగ్గానే లెక్కపెట్టి, తప్పు నీ మీద వేసుకుని వెళ్లిపోయావు...

ఏ మోటారు కాలి వచ్చినా, అది తిరిగే చోటు చూసి వచ్చాకే చుడతాను. రైతు నవ్వినా సరే, అరవాల్సి వచ్చినా సరే. చూడకుండా నా చేతిని తిట్టుకోను. నీ చేతిని ఎవరినీ తిట్టనివ్వను.

సుధ పుస్తకం తిరిగి ఇచ్చేయాలి, పరీక్షలు దగ్గరికొచ్చాయి. నాకొకటి కొనిపెడతానన్నాడు నీ కొడుకు.

నీ కోడలు,
రేవతి