మూడో గుంట

అమ్మా,

నీ కాళ్లకు దండం పెట్టి రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను, బెంగపడొద్దు. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? తుఫానుకు ఇక్కడ కరెంటు స్తంభాలు పడిపోయాయి, ఫోను పనిచేయడం లేదు. అందుకే ఈ ఉత్తరం. చెల్లెలు ఒక్క ముక్క కూడా వదలకుండా నీకు చదివి వినిపించాలి.

ఈ బెంగాల్లో ఎటు చూసినా బురద, ఉప్పునీళ్లు. రాగిముద్ద లేక నోరు చచ్చిపోయింది. నేను బయల్దేరిన రోజు, "గని మూసేస్తే తాబేళ్లు కాసేదానికి పోతాండావా?" అని నవ్వావు. ఈ జాతి తాబేళ్లు నదుల్లో దాదాపు లేకుండా పోయాయమ్మా. నేను పనిచేసే చోట చెరువుల్లో గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచితేనే మిగిలేది. ఈ ఏడాది మూడే మూడు తల్లులు గట్టు మీది ఇసుకలో గుంటలు తవ్వి గుడ్లు పెట్టాయి. ఇంకో వారంలో పిల్లలు రావాల్సింది.

ఈలోగా తుఫాను వచ్చి నది కట్ట తెగింది. నేనూ, నాతో పనిచేసే నితాయ్ అనే ముసలాయనా, గుడ్లు మునిగిపోకముందే తీయాలని చేతులతోనే తవ్వాం. గుడ్డు ఎలా ఉంటే అలాగే ఎత్తాలి, తిరగేయకూడదు. రెండు గుంటలు తీశాం. మూడోదానిలో చేయి పెడితే, పెంకు లోపల పిల్ల గీకుతోందమ్మా! అప్పుడే గట్టు జారడం మొదలైంది. నితాయ్ మోకాళ్లదాకా కూరుకుపోయాడు. ఇంకాసేపు తవ్వితే మనిషి దక్కడు. గుడ్లు వదిలేసి ఆయన్ను లాక్కుని వచ్చేశాను. తెల్లారి చూస్తే గట్టే లేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చాను. తీసిన గుడ్లలోనూ చాలా చెడిపోయాయి.

గనిలో రాయి పగిలి నాన్న ఇరుక్కున్న రోజు, మామ కూడా ఇలాగే వచ్చాడు కదా. పైరాయి మళ్లీ కదులుతుంటే, తన వెంట దిగినవాళ్లను తీసుకుని పైకి వచ్చేశాడు. "అక్కా, బావ రాయి తట్టేది వినపడతానే ఉండాది. నేనే అందరినీ పైకి తెచ్చేసినా" అని నీ ముందు నిలబడి చెప్పాడు. దాచలేదు. "నా మొగునితోపాటే నా తమ్ముడూ ఆడనే చచ్చినాడు. ఇంగ నా గడప తొక్కొద్దు" అన్నావు. నేను నీ పక్కనే ఉన్నాను. ఇన్నేళ్లూ ఆయన క్యాసంబళ్ళి సంత నుంచి కూరగాయలు తెచ్చి వాకిట్లో పెట్టిపోతుంటే, మనం పలకరించనైనా లేదు.

ఒక గుడ్డు గీకినందుకే నాకు నిద్ర పట్టడం లేదు. ఆయన చెవుల్లో ఇన్నేళ్లుగా నాన్న తట్టిన శబ్దం ఉంది.

వీలైతే రాగిపిండి పంపు. పెద్దలందరికీ నా దండాలు చెప్పు. ఇన్నాళ్లూ ఆ వరుసలో మామ పేరు రాయలేదు, ఈసారి మొదటి దండం ఆయనకే. సంతరోజు వస్తే వాకిట్లో నిలబెట్టొద్దమ్మా. లోపలికి పిలిచి ఒక ముద్ద పెట్టు.

నీ దీవెన కోరే కొడుకు,
సుబ్బు