శుభకార్యాలకు మాత్రమే

మే 31, 1998

నాన్న మొత్తానికి మొదలుపెట్టేశాడు. ఇకమీద ముహూర్తం వచ్చినప్పుడల్లా మైలవరానికీ మంగళగిరికీ కబురుపెట్టి బ్యాండుకు మనుషుల్ని పోగెయ్యడం ఉండదు. ఏడాది పొడవునా అదే బ్యాండు, అదే మనుషులు. నెల జీతం. రోజూ పొద్దున్నే కాలువ గట్టున సాధన. అమ్మ చింతపండుతో ట్రంపెట్లు తోముతూ, "ఆషాఢంలో ఎవరికి వాయిస్తారంట, కప్పలకా?" నాన్న నవ్వాడు. నేనూ.

జూన్ 2

నాన్న షరతు ఒక్కటే. వాయిద్యాలు ఎలాగూ షాపువే. ఊదేటప్పుడు పెదవులకి ఆనించే మౌత్‌పీసు మాత్రం ఎవరిది వాళ్లది — జేబులో వేసుకుని వెళ్లిపోతారు, మర్నాడు వేరే బ్యాండు పిలిస్తే అక్కడ వాయిస్తారు. ఇక అవి కూడా షాపులో పెట్టెలోనే ఉండాలి. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు లేచింది దానియేలు బాబాయి. ఈ బ్యాండు కోసం ఉయ్యూరులో పంక్చర్ల షాపు మూసేసి వచ్చినవాడు. తనది వాళ్ల సారు ఇచ్చిందట, ట్రంపెట్ నేర్పిన సారు. చొక్కా అంచుతో తుడిచి పెట్టెలో పెట్టి, "ఇక నా నోరు మీ దగ్గరే మాస్టారూ!" ఒకటే నవ్వులు. తర్వాత అందరూ పెట్టారు.

తాళంచెవి నాకిచ్చాడు నాన్న.

జూన్ 5

షాపు బోర్డు మీద మాటలు నేనే రాయాలట! "బీఏ తెలుగు చదివేదానివి. నువ్వు కాకపోతే ఇంకెవరు?" అన్నాడు నాన్న. నిష్ణాతులైన వాద్యకారులు... నిష్ణాతులు — నోరంతా నిండిపోతుంది ఈ మాటతో. అన్నం తింటూ కూడా అనుకున్నాను.

జూన్ 6

"అన్ని కార్యాలకూ అని రాయమ్మా" అన్నాడు నాన్న. నేను "శుభకార్యాలకు మాత్రమే" అని రాశాను. పెద్ద షాపులవాళ్లు అలాగే రాయిస్తున్నారు నాన్నా, అన్నాను.

అబద్ధం. అసలు సంగతి ఈ పేజీకే చెబుతున్నాను. సెలవుల ముందు క్లాసులో సుజాత — "మీ నాన్న శవాల ముందు వాయిస్తాడు కదే?" వెనక బెంచీ అంతా నవ్వింది.

నాన్న కాగితం తీసుకుని పైకి చదివాడు. మళ్లీ చదివాడు. "మర్యాదగా ఉంది. అయితే ఇక చావులకు వెళ్లం. రాశాక మాట మాటే." అందరూ తలూపారు. దానియేలు బాబాయి మాత్రం మెల్లగా, "మరి ఆషాఢం, మాస్టారూ?"

నాన్న వినిపించుకోలేదు. నేను విన్నాను.

జూన్ 14

బోర్డు ఎక్కింది. ఎరుపు మీద పసుపు అక్షరాలు. రోడ్డు అవతలికి వెళ్లి నిలబడి చూసుకున్నాను. నా మాటలు.

జూన్ 27

ఆషాఢం. ఒక్క పెళ్లి లేదు. పోయిన ఏడాది ఇదే నెలలో బ్యాండుని నిలబెట్టినవి చావులే... నాకు తెలుసు. తెలిసే రాశాను. ఇంట్లో వారంగా పప్పుచారే. సాధన మాత్రం ఆపడం లేదు నాన్న. "పిల్లిగూడా రాట్లేదు మన షాపుకి" అని డ్రమ్ము కాశిం అంటే అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు.

జూలై 1

నాన్న అందర్నీ కొత్త కోట్ల కొలతలకి టైలర్ దగ్గరికి తీసుకెళ్లాడు. షాపులో నేనొక్కదాన్నే, పుస్తకం ముందేసుకుని. ఒకాయన వచ్చాడు. తలకి తువ్వాలు, కళ్లు ఎర్రగా.

"ఉయ్యూరు నుంచొచ్చానమ్మా. మా పెద్దాయన రాత్రి పోయాడు. పోయేముందు మరీ మరీ చెప్పాడు, ఇక్కడ మీ బ్యాండులో..."

"బోర్డు చూడలేదా అండీ? శుభకార్యాలకే వెళ్తారు."

తలెత్తి బోర్డు చదివాడు. పెదాలు కదుపుతూ, అక్షరం అక్షరం. "సరేనమ్మా" అని వెళ్లిపోయాడు.

మళ్లీ పుస్తకం తీశాను. ఒక్క ముక్క ఎక్కలేదు.

జూలై 2

పోయింది దానియేలు బాబాయి వాళ్ల సారు.

ఎస్టీడీ బూత్‌కి ఫోనొచ్చింది. ఖననం నిన్న సాయంత్రమే అయిపోయిందట. మేళం లేకుండా. బాబాయి వచ్చి షాపు మెట్ల మీద కూర్చున్నాడు. "బ్యాండోళ్లని అడిగితే రామన్నారంట మాస్టారూ. మన బ్యాండేనంట."

నాన్న నావైపు తిరిగాడు. "నిన్న నువ్వేగా ఉంది? ఎవరన్నా వచ్చారా?"

"ఎవరూ రాలేదు నాన్నా."

ఎంత తేలిగ్గా వచ్చేసిందో.

జూలై 3

అన్నం సహించడం లేదు.

జూలై 5

బాబాయి ఉయ్యూరు నుంచి తిరిగొచ్చాడు. అక్కడ అందరూ అన్నారట — పట్నం బ్యాండులో చేరి సారునే మరిచిపోయావురా. శవం ముందు ఇంకెవరూ వద్దు, దానియేలే ట్రంపెట్ పట్టుకుని నడవాలి అని సారు చెప్పిపోయాడట. ఆ వచ్చినాయన నాకు చెప్పబోయింది అదే.

"నేనుంటే బోర్డు పీకేసి వచ్చేవాణ్ణి కదరా" అన్నాడు నాన్న. "ఆ రామని అన్నది ఎవడో తెలిస్తేగా!"

బాబాయి నావైపు చూశాడు. షాపులో ఎవరున్నారో అక్కడ చెప్పే ఉంటారు. చదువుకునే అమ్మాయి అని. చెప్పి ఉండరా?

"పోనీలెండి మాస్టారూ. ఎవరో తెలియక అన్నారు."

తిట్టినా బాగుండేది.

జూలై 6

మధ్యాహ్నం నాన్న లేనప్పుడు వచ్చాడు బాబాయి. గుమ్మం దగ్గరే నిలబడి, "అమ్మాయ్, నా మౌత్‌పీసు ఇటియ్యి."

"ఎందుకు బాబాయ్?"

"సమాధి దగ్గర కాసేపు వాయించుకోవాలి."

"మళ్లీ వస్తారుగా?"

చెప్పులవైపు చూసుకున్నాడు. ఆయన వెళ్తే కాశిం ఆగడు. కాశిం వెళ్తే మిగిలినవాళ్లెవరూ ఆగరు. ఇక నాన్న మళ్లీ మైలవరానికీ మంగళగిరికీ కబుర్లు పెట్టుకోవాలి.

"తాళంచెవి నాన్న దగ్గరుంది. రేపు రండి" అన్నాను.

తాళంచెవి నా చున్నీ అంచుకే కట్టి ఉంది. చూశాడు. చూసి కూడా — "సరేలే అమ్మాయ్. రేపొస్తా."

ఆయన వెళ్లాక పెట్టె తీశాను. సారు ఇచ్చింది కాస్త నల్లబడి ఉంది. అమ్మని చింతపండు అడిగి తోమాను. ఎందుకే ఇప్పుడు, అంది అమ్మ. ఇంకాస్త గట్టిగా తోమాను.

నాన్న వచ్చాడు. వరండాలో కాళ్లు కడుక్కుంటున్నాడు. ఇన్ని మాటలు నేర్చుకున్నాను... మొదటిది ఏదో తెలియడం లేదు. నాన్నా, ఆ రోజు షాపుకి ఒకాయన —