దేవుడిచ్చాడని చెప్పిన గది

ప్రియమైన మరియమ్మక్కకు,

గీదం నుండి నీ తమ్ముడు యోహాను ప్రభువు పేరున వందనాలు చెప్పి రాస్తున్నాను. నువ్వూ, బావా, పిల్లలూ క్షేమమేనా? బావ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, బెంగపడకు. ఇక్కడ వాన పట్టుకుంటే వదలదు. సేఠ్ గోదాములో సిమెంటు బస్తాలు తడవకుండా చూసుకోవడంతోనే పొద్దు పోతోంది. నువ్వు పంపిన రొయ్యపొడితో రెండు పూటలూ తింటున్నాను. అయినా అక్కా, సంత రోజున అంతమంది మధ్య తిరుగుతున్నా నా అన్నవాళ్లు లేరనిపిస్తుంది. బాగానే ఉన్నానులే.

దసరా సెలవులకు మీరు రావద్దు. కోపం తెచ్చుకోకుండా ఎందుకో చదువు.

గోదాము వెనక పెంకుల గది ఖాళీ అయినప్పుడు నేనూ అడిగాను, సోమారూ అడిగాడు. సోమారు మా దగ్గర హమాలీ. బాసగూడ వైపు దొర్ల తెగ మనిషి, మా సంఘంలోనే బాప్తిస్మం తీసుకున్నాడు. భార్య బుదరితో సంత వెనక ప్లాస్టిక్ పట్టా కింద ఉండేవాడు. సేఠ్ నన్ను పిలిచి, వాడి పెళ్లానికి నెలలు నిండాయంటున్నాడు, నిజమేనా, మీరంతా ఒక చర్చివాళ్లే కదా అని అడిగాడు. ప్రతి ఆదివారం ఆమెను చూస్తూనే ఉన్నాను. చెప్పు, చెప్పు అని పరిశుద్ధాత్మ లోపల తొందరపెడుతూనే ఉన్నాడు. నేను తెలియదన్నాను. సేఠ్ గది నాకే ఇచ్చాడు. మీరొస్తే చోటు కావాలి కదా అని సర్దిచెప్పుకున్నాను. నీ పేరు అడ్డం పెట్టుకున్నాను గానీ, తలుపు వేసుకుని కాళ్లు చాపుకుని పడుకోవాలన్న ఆశ నాదే.

అంతటితో ఊరుకున్నానా? ఆదివారం సంఘంలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి, ప్రార్థన విని దేవుడు నాకు గది ఇచ్చాడని చెప్పాను. అందరికంటే గట్టిగా స్తోత్రం అన్నది సోమారే.

బిడ్డ పట్టా కిందే పుట్టింది. ఆ తడి నేలకు పసిదానికి దగ్గు పట్టుకుంది. ఇక్కడ నేను పొడి చాప మీద మోకరిస్తే ప్రార్థన రాలేదక్కా. సేఠ్‌కు నిజం చెప్పి, తిట్లు తిని, ఒప్పించి, గది తాళంచెవి పట్టుకుని వాళ్ల పట్టా దగ్గరికి వెళ్లాను. సోమారు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"దేవుడిచ్చిండని సంఘంల నువ్వే చెప్తివి గదన్నా. ఆయన నీకిచ్చినది నేనెట్ల తీసుకుంట?"

వెటకారం కాదు, నమ్మే అన్నాడు. ఎంత బతిమాలినా ససేమిరా అన్నాడు. అసలు సంగతి వాడి ముఖం మీద చెప్పే ధైర్యం ఆ రోజు నాకు రాలేదు.

మొన్న ఆదివారం మళ్లీ లేచాను. అందరి ముందూ చెప్పాను.

"ఆ గది దేవుడియ్యలే. సోమారుకు దక్కాల్సిందని తెలిసి, అబద్ధమాడి నేనే గుంజుకున్న."

ఒక్కరూ స్తోత్రం అనలేదు. సంఘపెద్ద పాట ఎత్తుకున్నాడు. కూడిక అయ్యాక సోమారు నావైపు చూడకుండా వెళ్లిపోయాడు. బుదరి వచ్చి చెయ్యి చాపింది. తాళంచెవి ఇచ్చాను.

ఇప్పుడు గోదాములో బస్తాల మీద పడుకుంటున్నాను. బిడ్డకు దగ్గు కాస్త తగ్గిందట. సోమారు మాత్రం పనిలో కూడా నాతో మాట్లాడడం లేదు. లోపలి మాట అప్పుడే వినుంటే ఆ బిడ్డ పొడి నేల మీద పుట్టేది. ఇప్పుడు నేనేం చేసినా అది మారదు. అదే నా ఏడుపు.

భద్రాచలం నుండి ఎవరైనా వస్తుంటే బిడ్డకు నీ పాత మెత్తటి చీరలు పంపు. అమ్మకూ, పాస్టరయ్యగారికీ నా వందనాలు. అమ్మను మందులు మానొద్దని చెప్పు.

నాకు గది దొరికిందని నువ్వు మన సంఘంలో లేచి స్తుతులు చెప్పావనీ, అమ్మ ఆనందంతో ఏడ్చిందనీ రాశావు. సిగ్గుపడకక్కా, ఈ ఉత్తరం కూడా అక్కడే లేచి చదువు.

మీ అందరి ప్రార్థనలూ దీవెనలూ కోరే
నీ తమ్ముడు
యోహాను