ఈశాన్యం పైపు

1996

మే 19, ఆదివారం

మా తోడికోడలు విమలక్క వాళ్లకు ఫోన్ వచ్చింది. ఎర్రది. ఏళ్ల కింద పెట్టుకున్న దరఖాస్తు ఇప్పుడు కదిలిందట.

మామయ్య కట్టింది ఒక్క ఇల్లే. నడుమ గోడ లేపితే అన్నదమ్ములకు రెండయింది. రోడ్డు వైపు సగం బావగారిది, వెనక సగం మాది. గోడ ఇటిక మందమే. అటు ఫోన్ మోగితే మా వంటింట్లో మోగినట్టే ఉంటుంది. పొద్దుటి నుంచి పదకొండు సార్లు. సిగ్గులేకుండా లెక్కపెట్టాను.

మే 20

అత్తమ్మ అటు వెళ్లి వరంగల్‌లో ఉన్న కూతురితో మాట్లాడి వచ్చింది. "ఎంత సాఫ్‌గ ఇనవడ్డదో బిడ్డా! పక్కల కూసోని ముచ్చట వెట్టినట్టే."

మొహం వెలిగిపోతోంది. పన్నెండేళ్లుగా అత్తమ్మ నా దగ్గరే ఉంది. పొద్దున్నా సాయంత్రం ఆమె మోకాళ్లకు నూనె రాసేది నేను. నా వల్ల ఒక్కసారైనా ఆ మొహం అంత వెలిగిందా... గుర్తు లేదు.

మే 22

ఫోన్ ఎట్లా వచ్చిందో విమలక్కే చెప్పింది, పెరటి గోడ మీద నుంచి. "డాబా మీది వాన నీళ్లు నైరుతిల పడుతుండె మాకు. వాస్తు సారు జూసి, పైపు ఈశాన్యానికి మార్చుమన్నడు. మార్చి రెండు నెలలు గాలే. మీ బావకు ప్రమోషనొచ్చె, ఫోనొచ్చె."

మా పైపు కూడా నైరుతిలోనే ఉంది. వెనక గల్లీ మురుగు మోరీలో పడుతుంది. అంటే తోడికోడలు తన దరిద్రం దులుపుకుంది. నాది నా దగ్గరే భద్రంగా ఉంది.

మే 23

మన పైపూ మార్పిద్దామని ఈయనతో అన్నాను. పేపరు దించలేదు. "నీళ్లు ఏ దిక్కున వడితే ఏంది? కిందికే వడ్తయి గద."

పేజీ తిప్పి— "నీకు వాస్తు గాదు. వదిన ఏం జేస్తే అది గావాలె."

నిజం కాబట్టి ఒళ్లు మండింది. చారులో ఉప్పు వేయలేదు. కావాలనే.

మే 26, ఆదివారం

రాంనగర్ నుంచి కొర్రమీను తెచ్చారు. పులుసు బాగా కుదిరింది. అత్తమ్మతో అటు ఒక గిన్నె పంపాను. గిన్నె నిండా రసాల మామిడిపళ్లు పెట్టి తిరిగి పంపింది విమలక్క. ఒక్కసారైనా ఖాళీ గిన్నె పంపదు. మంచితనంలో కూడా నాకంటే ఒక మెట్టు పైనే ఉండాలి ఆమెకు.

మే 29

నర్సిములు వచ్చాడు. పాలమూరు మనిషి, అశోక్‌నగర్ నాలా పక్క బస్తీలో ఉంటాడు. విమలక్క వాళ్ల పైపు మార్చిన మేస్త్రి అతనే. సిమెంటు మాలు కలపడానికి భార్య ఎల్లమ్మ కూడా వచ్చింది.

డాబా ఎక్కి చూసి, దిగి, తల అడ్డంగా ఊపాడు. "అమ్మా, వాళ్ల ఈశాన్యం రోడ్డు దిక్కున్నది. కిందనే మోరీ. మీ ఈశాన్యంల ఏమున్నది? మూరెడు సందు. సందుకు ఆనుకొని మీ అత్తమ్మ పండుకునే అర్ర. నీళ్లు దిగినంక ఏడికి వోవాలె?"

ఇంకుతాయన్నాను.

"ఎన్నని ఇంకుతయమ్మా? కాల్వ దీసి రోడ్డు మోరీల కలపాలె. గది వాళ్ల జాగల కెళ్లి వోవాలె. ఆ అమ్మను జర అడుగుండ్రి."

ఆ అమ్మను. అడగాలి. నేను.

కాల్వ వద్దన్నాను. పైపు ఒక్కటి మార్చు చాలన్నాను.

జూన్ 1

పని అయిపోయింది. డాబా వాలు ఈశాన్యానికి తిప్పారు. నైరుతి తూము సిమెంటుతో మూసేశారు. పైపు నారాయణగూడలో నేనే పోయి చూసి తెచ్చాను. బూడిద రంగు. విమలక్క వాళ్లది సన్నం, మాది లావు. లావుదే కావాలని షాపతన్ని అడిగి మరీ తీసుకున్నాను. ఎందుకో తెలియదు. తెలుసు.

పోతూ పోతూ నర్సిములు మళ్లీ ఆ సందు వైపు చూశాడు. చూడనట్టు నేను లోపలికి వచ్చేశాను.

జూన్ 4

మంచి కబురేమీ లేదు. ఫోన్ వాళ్ల నుంచి ఉత్తరం కూడా లేదు. ఈయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. "మనం అప్లికేషనే వెట్టలే గదనే!"

జూన్ 9

ఉక్క. వాన రావాలి. నా పైపులోంచి నీళ్లు దూకుతుంటే గోడకు అటు వినిపించాలి.

జూన్ 13, గురువారం

తడి చీర ఇంకా మార్చుకోలేదు. రాయాలి.

మధ్యాహ్నం మూడింటికి పట్టుకుంది వాన. పైపులోంచి నీళ్లు ధడధడా దిగాయి. వరండాలో నిలబడి విన్నాను. సంతోషం. ఎంతసేపు... పావుగంట. అంతలో అత్తమ్మ కేక.

సందు నిండి, గోడ అడుగు నుంచి గదిలోకి నీళ్లు. ఆమె ట్రంకుపెట్టె సగం మునిగింది. మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది, చిన్నపిల్లలా. అరవడం కూడా మానేసింది అప్పటికి.

గొడుగు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది విమలక్క. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని బయటికి తెచ్చాం. "మా ఇంట్ల పండుకోనీ సుజాతా. ఈ తడిల మోకాళ్లు వట్టుకపోతయి."

అత్తమ్మ నా మొహంలోకి చూసింది. దిండు, దుప్పటి, నూనె సీసా చంకన పెట్టుకుని, ఆమెను నడిపించుకుంటూ పోయింది విమలక్క. నేను బకెట్‌తో నీళ్లు ఎత్తి పోస్తూ ఉండిపోయాను.

జూన్ 14

"నాతోని ఒక్క మాట జెప్తే అయిపోతుండె గద. కాల్వ తియ్యనియ్యనా? అడిగితే వద్దంటనా?"

విమలక్క అన్నది ఇంతే. తిట్టినా బాగుండేది.

జూన్ 15

గోడకు అటు అత్తమ్మ నవ్వు. నూనె ఇప్పుడు విమలక్కే రాస్తోందట. కింది నుంచి పైకి రాయాలి, ఎడమ మోకాలు దగ్గర మెల్లగా. ఆమెకెట్లా తెలుస్తుంది? పోయి చెప్పాలి. చెప్పను.

కుళ్లు. నాకు కుళ్లు. ఇక్కడ రాసుకుంటే ఏం పోయింది.

జూన్ 17

నర్సిములును మళ్లీ పిలిపించాను. డాబా వాలు మళ్లీ నైరుతికి, పైపు మళ్లీ వెనక గల్లీకి. ఫోన్ రాకుంటే రాకపోయింది. ప్రమోషన్ రాకుంటే రాకపోయింది. అత్తమ్మ గది ఆరాలి.

నేను ముందే చెప్పలేదా అనలేదు నర్సిములు. అంటాడని పొద్దుటి నుంచి కాచుకుని ఉన్నాను. ఎల్లమ్మ మాత్రం మాలు కలుపుతూ నవ్వింది. "మీకు నీళ్లు ఒక్క దిక్కుకెళ్లే వచ్చినయమ్మా. మా గుడిసెలకు అన్ని దిక్కులకెళ్లి వస్తయి."

నవ్వలేకపోయాను. ఇద్దరికీ టీ పెట్టి ఇచ్చాను.

జూన్ 20

సాయంత్రం పెద్ద వాన. నీళ్లన్నీ వెనక మోరీలోకే పోయాయి. సందులో తడి లేదు.

జూన్ 24

గోడ మీద అరచేయి ఆనించి చూశాను. కింద, పైన, మూలల్లో. పొడి. సున్నం వేయించాను. మంచం ఎండలో వేసి, కొత్త నవారు అల్లించి, లోపల పెట్టాను.

"ఇగ వోయి అమ్మను తోల్కరా" అన్నారు ఈయన.

మీరే పొండి అన్నాను.

"నాకెందుకు? మీ యారాండ్ల పంచాయితీ."

తోడికోడళ్ల నడుమకు తను రారట. నేనూ పోలేదు. అత్తమ్మ తనంతట తనే వస్తుందని చూస్తున్నాను. గది ఎండిందా అని మనిషితోనైనా అడిగించలేదు.

జూన్ 27

ఇవాళ కూడా రాలేదు.

జూన్ 28, శుక్రవారం

విమలక్క వచ్చింది. వంటింటి గడప మీద కూర్చుంది. చేతిలో గిన్నె లేదు, ఏమీ లేదు. కొంగు చివర మెలిపెడుతూ అంది.

"పెండ్లయి ఇరవై ఏండ్లాయె. నేను పెద్ద కోడల్ని. గోడ లేచినంక ఒక్కనాడన్న నా ఇంట్ల పండుకోలే అత్తమ్మ. నేనేం వండినా, సుజాత అయితే గిట్ల జేస్తది అంటది. మీ ఇంట్ల మీరిద్దరు నవ్వుతాంటే గోడకానుకొని ఇంటుంటి. ఎంత కుళ్లుకున్ననో నీకేం ఎర్క!"

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

"ఈ పదిహేను దినాలు నా చెయ్యి వట్టుకొని పండుకుంటున్నది సుజాతా."

కళ్లు తుడుచుకుంది. అత్తమ్మ గది తలుపు దగ్గరకు వేసి ఉంది, అటే చూసింది. లేచి పోయి తీయలేదు.

"అర్ర ఆరిందా?"

"చూసి చెప్తనక్కా" అన్నాను.

తలూపి వెళ్లిపోయింది. గోడ ఆరి నాలుగు రోజులైంది.