అమ్మ దిష్టి తీసిన మినుము వరస

భాద్రపదం, శనివారం రాత్రి
టాలీగంజ్

కరెంటు పోయింది. లాంతరు వెలుగులో ఈ కాగితం కూడా పల్లాకు తెగులు సోకిన మినుము ఆకులాగే ఉంది. సాయంత్రం నుంచి ఏది చూసినా ఆ పసుపే.

అమ్మని ఇవాళ మా పరిశోధన పొలానికి తీసుకెళ్లాను. మేం తయారుచేస్తున్న కొత్త మినుము రకాలన్నీ ఆకుపచ్చగా ఊగుతున్నాయి. మధ్యలో ఒక్క వరస మాత్రం పసుపు నీళ్లలో ముంచి తీసినట్టుంది. అమ్మ దాని పక్కనే కూర్చుండిపోయింది.

"ఇది మనూరి మినుమే కదరా. ఏటైనాది దీనికి?"

నిజమే. పోయినసారి వచ్చినప్పుడు శ్రీకాకుళం నుంచి తనే మూటకట్టి తెచ్చిన విత్తనం. దీనికి తెగులు త్వరగా సోకుతుంది. అందుకే కావాలని మధ్యలో వేస్తాం. దీని మీద వాలిన తెల్లదోమ తెగులుని పక్క వరసలకి మోస్తుంది. తట్టుకున్న మొక్కల్నే విత్తనానికి ఉంచుతాం. అమ్మకి అదే చెప్పాను.

"అయితే దిష్టిబొమ్మని సేసినావన్నమాట. బొమ్మకి పేణముండదురా. దీనికుంది."

దారిలో జామకాయల వాడిచ్చిన ఉప్పు పొట్లం విప్పి, గుప్పిట పట్టి, ఆ వరస పొడుగునా దిష్టి తీసింది. పొలం పని చూసే బెంగాలీ పెద్దాయన హారాధన్‌దా పార పక్కన పెట్టి, గుళ్లో నిలబడ్డట్టు నిలబడ్డాడు. అమ్మ ఆ ఉప్పు కాలవలో పారేసి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

ఉప్పుతో తెగులు పోదు. ఒకవేళ పోతే ఈ ఏటి పరీక్షంతా వృథా, మళ్లీ మొదటికి రావాలి. అయినా కళ్లు మూస్తే చాలు, ఆ వరస ఒక కొస నుంచి మెల్లగా ఆకుపచ్చబడుతూ వస్తోంది. నాకు ఆపబుద్ధి కావడం లేదు.